‘ఏ కమ్యూనిటీ వాళ్ళ కాలేజీ అమ్మా అది?’

ప్రశ్న: ఆంటీ గారూ, నమస్తే. మాది గుంటూరు. నా టెన్త్ అవగానే నాన్నకి ఇక్కడ ఉద్యోగం రావడంతో కాలిఫోర్నియా వచ్చేశాం. హైస్కూల్ ఇక్కడే, బే ఏరియాలో పూర్తి చేశాను. ఇప్పుడు నాకు పద్దెనిమిదిన్నర. నేను అనుకున్న మూడు యూసీలూ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) సీటు ఇవ్వలేదు. వేరే స్టేట్‌లో ఒకచోట వచ్చింది గానీ ఏడాదికి 60 వేల డాలర్లు. నాన్న ఆఫీసులో లేఆఫ్‌ల టెన్షన్. అందుకని ఆగస్టులో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. రెండేళ్ళయ్యాక యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ప్లాన్.

రెండు నెలలైంది, ఒక్క ఫ్రెండ్ లేదు. క్లాస్ అవగానే అందరూ పార్కింగ్ లాట్‌కి పరిగెడతారు. అమ్మ కట్టిచ్చిన బాక్స్ కారులోనే కూర్చుని తినేస్తున్నాను. స్కూల్ ఫ్రెండ్స్ డార్మ్ (యూనివర్సిటీ హాస్టల్) ఫోటోలు చూడలేక ఇన్‌స్టా తీసేశాను. మ్యాథ్స్‌లో ఎప్పుడూ ముందుండే నాకు కాలిక్యులస్ మొదటి మిడ్‌టర్మ్‌లో 61 వచ్చింది. డ్రాప్ చేద్దామనుకుంటున్నాను. ఎవరైనా అడిగితే అమ్మ “శాన్‌హోజేలో చదువుతోంది” అంటుంది. వాళ్ళు శాన్‌హోజే స్టేట్ యూనివర్సిటీ అనుకుంటారు, అమ్మ కాదనదు. మొన్న అమ్మమ్మ ఫోన్లో “ఏ కమ్యూనిటీ వాళ్ళ కాలేజీ అమ్మా అది?” అని అడిగింది. ఇంట్లో అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. నేను తప్పు చేశానా ఆంటీ?

– పేరు వద్దు

సమాధానం:

మీ అమ్మమ్మని ఏమీ అనకు. గుంటూరులో ‘కమ్యూనిటీ’ అంటే ఒకటే అర్థం. హాస్టళ్ళు, కల్యాణ మండపాలు, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఆ లెక్కనే నడిచే చోట కాలేజీ మాత్రం ఉండదా అనుకుంది పాపం. మా అత్తగారు ఇంకో మెట్టు పైన. నేను ఇక్కడ కాలేజీలో చేరినప్పుడు ఎవరో ఆవిడకి ‘జూనియర్ కాలేజీ’ అని చెప్పారు. ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. “బీకాం చదివిన పిల్ల మళ్ళీ ఇంటర్లో చేరడమేంట్రా, అప్పుడు తప్పిందా?” అని మా ఆయన్ని నిలదీశారు. ఆ సంగతి తేల్చడానికి రెండు ఫోన్ కాల్స్ పట్టాయి. కాలింగ్ కార్డులు కొనుక్కునే రోజులవి.

కాబట్టి నీకు సలహా ఇచ్చే అర్హత నాకు కాస్త ఉందనే అనుకుంటున్నాను. 2004లో హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యాభర్తలకి, పిల్లలకి ఇచ్చేది) మీద వచ్చాను. అప్పట్లో హెచ్4 మీద వచ్చిన భార్యలకి ఉద్యోగం చేసే వీల్లేదు, ఆ పర్మిట్ 2015లో గానీ రాలేదు. బాబుకి రెండేళ్ళు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని సాయంత్రం అకౌంటింగ్ క్లాసులో చేరాను. అప్పుడు యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 26 డాలర్లు. ఇప్పుడు నువ్వు కడుతున్నది 46.

తప్పు చేశానా అని అడిగావు కదా, ముందు ఆ లెక్కే చూద్దాం. ట్రాన్స్‌ఫర్ కావడానికి నీకు కావలసింది 60 సెమిస్టర్ యూనిట్లు. యూనిట్‌కి 46 చొప్పున మొత్తం 2,760 డాలర్లు. పుస్తకాలు, పార్కింగ్, చిల్లర ఫీజులు వేరే. అవతల రెండేళ్ళకి లక్షా ఇరవై వేలు. లేఆఫ్ భయం ఉన్న ఇంట్లో, నాన్న వీసా ఆ ఉద్యోగానికే కట్టేసి ఉన్నప్పుడు, ఈ తేడా చిన్నది కాదు. మీ నాన్న రాత్రిపూట నిద్రపోతున్నారంటే అందులో నీ పాత్ర ఉంది. ఆ మాట ఆయన నీతో అని ఉండరు. మన నాన్నలు అనరు.

ఇంకో సంగతి. ఇది సీటు రానివాళ్ళని తోసే మూల అని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. ఈ రకం కాలేజీల్లో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో పాతది ఇలినాయ్‌లోని జోలియెట్‌లో 1901లో పెట్టారు. కాలిఫోర్నియాలో మొదటిది 1910లో ఫ్రెస్నోలో వచ్చింది. అసలు విషయం మాత్రం 1960లో జరిగింది. ఆ ఏడాది ఈ రాష్ట్రం ఉన్నత చదువులకి ఒక మాస్టర్ ప్లాన్ రాసుకుంది. హైస్కూల్ పిల్లల్లో పైన ఎనిమిదో వంతు యూసీలకి, పైన మూడో వంతు స్టేట్ యూనివర్సిటీలకి, చదువుకుంటానన్న ఎవరికైనా కమ్యూనిటీ కాలేజీ అన్నారు. అక్కడితో ఆపలేదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివినవాళ్ళు పైకి రావడానికి యూనివర్సిటీల్లో చోటు ఉండాలని, మొదటి రెండేళ్ళ విద్యార్థులు నలభై శాతం, చివరి రెండేళ్ళ వాళ్ళు అరవై శాతం ఉండేలా నిష్పత్తి కూడా పెట్టుకున్నారు. అంటే మూడో ఏడాది బెంచీలు కొన్ని నువ్వు పుట్టకముందే నీలాంటి వాళ్ళ కోసం లెక్కగట్టి ఉంచారు. నువ్వు దొడ్డిదారిన వెళ్ళడం లేదు. రాష్ట్రం వేసిన రెండో రోడ్డు మీద వెళ్తున్నావు. చివర్లో వచ్చే పట్టా మీద ఆ యూనివర్సిటీ పేరే ఉంటుంది.

పెద్ద పెద్ద పేర్లు చెప్పి ఊరడించడం నాకు ఇష్టం ఉండదు. అయినా ఫంక్షన్లలో మీ అమ్మకి పనికొస్తాయని చెబుతున్నాను. యాపిల్ పెట్టిన ఇద్దరు స్టీవ్‌లలో వోజ్నియాక్ క్యూపర్టినోలోని డి ఆంజా కాలేజీలో చదివాడు. టామ్ హ్యాంక్స్ హేవర్డ్‌లోని షాబో కాలేజీలో చదివాడు, 2015లో ఆ రోజుల గురించి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం కూడా రాశాడు. స్పేస్ షటిల్‌కి కమాండర్ అయిన మొదటి మహిళ ఐలీన్ కాలిన్స్ న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి కాలేజీ నుంచే వచ్చింది. సరే, చాలు.

ఇక నీకు నచ్చని మాట. డార్మ్ పోయింది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒకే ఫ్లోర్‌లో నలభై మందితో అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకోవడం నిజంగా మంచి అనుభవం, అది నీకు ఈ రెండేళ్ళూ దొరకదు. ‘అవన్నీ వట్టి ఫోటోలే, లోపల వాళ్ళూ ఏడుస్తున్నారు’ అని నేను చెప్పను. కొందరు ఏడుస్తుంటారు, కొందరు హాయిగా ఉంటారు. నీ చేతిలోంచి ఒకటి పోయింది, దానికి బాధపడు. కానీ ఆ బాధని కాలేజీ మీద కోపంగా మార్చుకోకు. అలా మార్చుకున్న పిల్లల్ని చూశాను. వాళ్ళు క్లాసుకి వస్తారు, మనసు పెట్టరు. ఎలాగూ వెళ్ళిపోయే చోటే కదా అంటూ రెండేళ్ళు వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నట్టు కూర్చుంటారు. ఆ తర్వాత బండి వెళ్ళిపోయిందని తెలుస్తుంది.

నీ విషయంలో నాకున్న భయం కూడా అదొక్కటే. ఈ కాలేజీలో నీ వెంట పడేవాళ్ళు ఎవరూ ఉండరు. గుంటూరులో ఇంటర్ చదివిన మీ కజిన్స్‌ని అడుగు. స్టడీ అవర్స్, వార్డెన్, వీకెండ్ టెస్టు, ఒక్క పూట మానేస్తే అరగంటలో నాన్న ఫోన్‌కి మెసేజ్. అది జైలు, ఒప్పుకుంటాను. ఇక్కడ దానికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి. నెల రోజులు రాకపోయినా ఎవరూ ఇంటికి ఫోన్ చెయ్యరు. దేశం మొత్తం లెక్క తీస్తే, కమ్యూనిటీ కాలేజీల్లో చేరినవాళ్ళలో యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళు మూడో వంతుకి అటూఇటూ. ఆరేళ్ళలో బ్యాచిలర్స్ చేతికొచ్చేది వందలో 16 మందికి. చేరేటప్పుడు డిగ్రీ దాకా వెళ్ళాలనే చాలామంది అనుకుంటారు. మిగిలినవాళ్ళు తెలివిలేక ఆగిపోలేదు. ఉద్యోగం షిఫ్టు మారింది, పిల్లాడికి జ్వరం వచ్చింది, ఒక కోర్సు తప్పు తీసుకున్నారు, ఒక సెమిస్టర్ ఆగుదాం అనుకున్నారు. నీకు ఇల్లుంది, అన్నం ఉంది, కారు ఉంది. దారి మాత్రం నువ్వే చూసుకోవాలి.

అందుకే ముందు కాలిక్యులస్ సంగతి.

61 చూసి డ్రాప్ చేసేస్తాననకు. మొదటి రోజు ఇచ్చిన సిలబస్ తియ్యి. నాలుగైదు పేజీలుంటుంది, ఎవరూ చదవరు. మిడ్‌టర్మ్‌కి ఎంత శాతం, ఫైనల్‌కి ఎంత, హోమ్‌వర్క్‌కి ఎంత, అన్నిటికంటే తక్కువ వచ్చిన టెస్టు తీసేస్తారా, ఫైనల్ బాగా రాస్తే మిడ్‌టర్మ్ బదులు ఆ మార్కు వేస్తారా... అన్నీ అందులో రాసి ఉంటాయి. ఈ మిడ్‌టర్మ్ 20 శాతం అయితే నువ్వు పోగొట్టుకున్నది మొత్తం వందలో ఎనిమిది లోపే. ఇంకా 92 నీ చేతిలోనే ఉన్నాయి.

తర్వాత ఆ పేపర్ ముందు పెట్టుకుని మార్కులు పోయిన చోట్లు మూడు రంగుల్లో గుర్తు పెట్టు. అసలు తెలియనివి ఒక రంగు, తెలిసీ టైమ్ చాలనివి ఒక రంగు, ప్లస్సులు మైనస్సులు తారుమారైనవి ఒక రంగు. మన ఊళ్ళో పదో తరగతి దాకా చదివొచ్చిన పిల్లలకి లెక్క చెయ్యడం వేగంగా వచ్చు. ‘ఈ లిమిట్ ఎందుకు ఉండదో వివరించు’ అంటే చెయ్యి ఆగిపోతుంది. మా అబ్బాయి స్నేహితుల్లో ఇద్దరికి అదే జరిగింది. నీకూ అదే అయి ఉంటుందని నా అనుమానం. అయితే అది రెండు వారాల్లో సరిదిద్దుకునే లోపమే.

ఆ రంగుల పేపర్ పట్టుకుని ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళు. నువ్వు ఇప్పటిదాకా వెళ్ళి ఉండవని నాకు తెలుసు. మనకి స్టాఫ్ రూమ్‌కి పిలిచారంటే తిట్టడానికే. నేనూ మొదటి సెమిస్టర్‌లో పది వారాలు వెళ్ళలేదు. ఒకరోజు హోమ్‌వర్క్ ఇవ్వడానికి వెళ్తే మా ప్రొఫెసర్ తలుపు బార్లా తీసుకుని, ఒక్కతే యాపిల్ కోసుకు తింటూ కూర్చుంది. “ఈ నెలలో ఈ కుర్చీలో కూర్చున్న రెండో మనిషివి” అంది. వాళ్ళు ఆ గంటలు నీ కోసమే కూర్చుంటారు. పెద్ద యూనివర్సిటీలో మూడొందల మంది హాల్లో నీ స్నేహితులకి సందేహాలు తీర్చేది ఎక్కువసార్లు పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాళ్ళు. నీకు ముప్ఫై నలభై మంది క్లాసు, పాఠం చెప్పినావిడే ఎదురుగా. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఇలా అను: “ఈ మూడు లెక్కలు నాకు ఎక్కడ తప్పాయో చూశాను. ఈ రెండోది మాత్రం అర్థం కాలేదు.” అంతే. మిగిలిన మాటలు వాళ్ళే మాట్లాడతారు. ట్యూటరింగ్ సెంటర్ కూడా ఉంటుంది, అది ఉచితం, వాడుకో.

డ్రాప్ ఎప్పుడు ఆలోచించాలి? కోర్సు మధ్యలో వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ‘డబ్ల్యూ’ పడుతుంది. దానివల్ల జీపీఏ తగ్గదు గానీ గుర్తు ఉండిపోతుంది. అందుకు గడువు సెమిస్టర్‌లో ముప్పాతిక భాగం గడిచేలోపు ఉంటుంది. కచ్చితమైన తేదీ కాలేజీ క్యాలెండర్‌లో చూసి ఫోన్‌లో పెట్టుకో. మూడు వారాలు ఒళ్ళొంచి చదివి, రెండో టెస్టు రాశాక కూడా సీ గ్రేడ్ రావడం కష్టమే అని ప్రొఫెసరే అంటే అప్పుడు వదిలెయ్యి. డీ కంటే డబ్ల్యూ నయం. కానీ ఒకటి గుర్తుంచుకో. కంప్యూటర్ సైన్స్‌కి మ్యాథ్స్ గొలుసులా ఉంటుంది. ఇది అయితేనే రెండో కాలిక్యులస్, అది అయితేనే తర్వాతవి. ఇప్పుడు వదిలితే విజయవాడలో కనెక్షన్ బండి తప్పినట్టే, వెనకవన్నీ తప్పుతాయి. సమ్మర్‌లో పట్టుకోవచ్చు, అయితే ఆరేడు వారాల్లో అదే సిలబస్ మింగాలి.

ఇప్పుడు నా బుద్ధితక్కువ కథ ఒకటి చెప్పాలి. నేను ట్రాన్స్‌ఫర్‌కి సిద్ధమవుతున్నప్పుడు కౌన్సెలర్‌తో పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్ దొరికింది. పక్కన స్ట్రోలర్‌లో బాబు గోల. ఆయన ఒక కాగితం మీద నాలుగు కోర్సులు గీసిచ్చాడు, నేను భగవద్గీతలా పర్సులో దాచుకున్నాను. అందులో బిజినెస్ లా కోర్సు ఒకటి. సెమిస్టరంతా చదివి ఏ గ్రేడ్ తెచ్చుకున్నాను. నేను చేరిన యూనివర్సిటీ, ఆ కోర్సు మా దానికి సమానం కాదంది. అదే పేరున్న కోర్సు మళ్ళీ చదివాను, అక్కడి ఫీజుతో. ఆ కాగితం ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. చాలా ఏళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన చెప్పింది వేరే యూనివర్సిటీకి సరిపోతుంది. నేను ఎక్కడికి వెళ్ళాలో నేనే స్పష్టంగా చెప్పలేదు.

నువ్వు ఆ పని చెయ్యకు. అసిస్ట్ డాట్ ఆర్గ్ అని ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీలకీ యూనివర్సిటీలకీ అధికారిక వెబ్‌సైట్ ఉంది. మీ కాలేజీ పేరు, వెళ్ళాలనుకున్న యూనివర్సిటీ, మేజర్ కొడితే మీ దగ్గర చదివిన ఏ కోర్సు అక్కడ దేనికి చెల్లుతుందో వరసగా చూపిస్తుంది. ఈ శనివారం కూర్చుని నాలుగైదు యూనివర్సిటీలకి ఆ పేజీలు తీసి పక్కపక్కన పెట్టు. అదే కంప్యూటర్ సైన్స్‌కి ఒకచోట ఫిజిక్స్ అడుగుతారు, ఇంకోచోట అడగరు. ఎక్కువ చోట్లకి పనికొచ్చేవి ముందు తీసుకో. కాల్‌జెట్‌సీ అనే జనరల్ కోర్సుల జాబితా పూర్తి చెయ్యమని అందరూ అంటారు. మంచిదే గానీ, నీ మేజర్‌కి మ్యాథ్స్, ప్రోగ్రామింగ్ కోర్సులే ముందు చూస్తారు. అవి మిగిల్చి ఆర్ట్ హిస్టరీతో యూనిట్లు నింపుకుంటే లాభం లేదు. ఈ పేజీలు పట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళు. “ఏం తీసుకోమంటారు?” అని అడగకు. “ఇవి తీసుకోబోతున్నాను, తప్పుంటే చెప్పండి” అను. రెండేళ్ళకీ కలిపి ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకో. అక్కడ మాట్లాడుకున్నది ఆ రాత్రే ఈమెయిల్‌లో పంపి, సరేనా అని అడుగు.

ట్యాగ్ గురించి వినే ఉంటావు, సీటు ముందే ఖాయం చేసుకునే పద్ధతి. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటాక్రూజ్, ఈ ఆరు యూసీలకే ఉంది. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగోలకి లేదు. ఆరింటిలో ఒక్కదానికే పెట్టాలి. వచ్చే ఏడాది సెప్టెంబర్‌లో ఒక్క నెల గడువు. ఆ తర్వాత అసలు అప్లికేషన్ నవంబర్ చివర్లోపు. ‘గ్యారంటీ’ అనే మాట విని మీ నాన్న ఊపిరి పీల్చుకునేలోపు ఇది కూడా చెప్పు: కంప్యూటర్ సైన్స్‌కి కొన్నిచోట్ల ట్యాగ్ ఇవ్వరు, ఇచ్చేచోట జీపీఏ ఎక్కువ అడుగుతారు. అందుకని ఒక ట్యాగ్, ట్యాగ్ లేని రెండు మూడు యూసీలు, రెండు స్టేట్ యూనివర్సిటీలు పెట్టుకో. అందులో శాన్‌హోజే స్టేట్ కూడా ఉండొచ్చు. అప్పుడు మీ అమ్మ అన్నమాట నిజమవుతుంది!

నువ్వు అడగలేదు గానీ, ఉత్తరం చదువుతూనే నాకు తట్టిన విషయం వీసా. నాన్నది హెచ్1బీ, నీది హెచ్4 అనుకుంటున్నాను. నీకు ఇరవై ఒకటి నిండితే హెచ్4 పోతుంది. గ్రీన్‌కార్డు లైనులో మనవాళ్ళ సంగతి తెలిసిందే. నీ లెక్క ప్రకారం అది సరిగ్గా యూనివర్సిటీలో మొదటి ఏడాది మధ్యలో పడుతుంది. అప్పుడు ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సి రావచ్చు. మారితే రాష్ట్రవాసిగా నువ్వు కడుతున్న ఫీజు మీద కూడా ప్రశ్న వస్తుంది, యూసీలో ఆ తేడా ఏడాదికి ముప్ఫై వేల పైమాటే. ఇంటర్నెట్‌లో తెలుగు గ్రూపుల్లో దీని మీద తలా ఒకటి చెబుతారు, ఏదీ నమ్మకు. ఈ సెమిస్టర్ సెలవుల్లోనే నాన్నని వాళ్ళ లాయర్‌తో మాట్లాడమను. నువ్వు వెళ్ళాలనుకుంటున్న యూనివర్సిటీల రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకో. హెచ్4 మీద ఉన్నంతకాలం క్యాంపస్‌లో చిన్న ఉద్యోగం కూడా చెయ్యకూడదు, ఫెడరల్ గ్రాంట్లు రావు. అది నీ తప్పు కాదు. పక్కన కూర్చున్న అమ్మాయి లైబ్రరీలో పనిచేస్తోంది, నేనెందుకు చెయ్యట్లేదు అని మనసులో చిన్నబోకు.

అమ్మ దగ్గరికొద్దాం. ఆవిడ చెప్పేది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఊరి పేరు చెప్పి ఊరుకుంటోంది. మన ఫంక్షన్లలో ‘ఎక్కడ వచ్చింది?’ అనే ప్రశ్న ప్లేటు చేతిలోకి రాకముందే వస్తుంది కదా. ఆవిడకి జవాబు అలవాటు లేదు, అంతే. ఫంక్షన్లో అందరి ముందు సరిదిద్దకు. ఇంట్లో, ఆవిడ కూర తరుగుతున్నప్పుడు, పక్కన కూర్చుని నువ్వూ రెండు బెండకాయలు తరుగుతూ చెప్పు: “నువ్వు ఆ ఊరి పేరు చెప్పిన ప్రతిసారీ నాకు సిగ్గుపడాల్సినదేదో చేశాననిపిస్తోందమ్మా.” ఈ ఒక్క వాక్యం చాలు. ‘నువ్వు అబద్ధాలు చెబుతున్నావు’ అని మొదలుపెడితే అది పోట్లాటే. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆవిడని కాలేజీకి తీసుకెళ్ళు. లైబ్రరీ, ల్యాబ్, నువ్వు కూర్చునే క్లాసు చూపించు. మీ అమ్మ మనసులో ఆ కాలేజీకి రూపమే లేదు, పేరే ఉంది. అన్నట్టు, ఈ కాలేజీల్లో ఇంగ్లిష్ లాంటి నాన్‌క్రెడిట్ క్లాసులకి ఫీజు ఉండదు. మీ అమ్మకి కూడా ఇక్కడ మాట్లాడే మనిషి లేదేమో, ఒకసారి కనుక్కో. ఆవిడే ఆ కాలేజీ స్టూడెంట్ అయితే ఫంక్షన్లో ఏ ఊరి పేరు చెబుతుందో చూద్దాం.

ఇక స్నేహితులు. క్లాస్ తర్వాత ఎవరూ దొరకరు, ఎందుకంటే ఒకరికి షిఫ్టు ఉంటుంది, ఒకరికి చెల్లెల్ని స్కూల్ నుంచి తేవాలి. వాళ్ళు నీ నుంచి పారిపోవడం లేదు. కానీ క్లాస్‌కి ముందు దొరుకుతారు. పార్కింగ్ దొరకదేమోనని ముందే వచ్చి కారిడార్‌లో నేల మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు చూడు, వాళ్ళే. పావుగంట ముందెళ్ళి అక్కడ కూర్చో. “రెండో ప్రాబ్లమ్ వచ్చిందా?” అని అడగడానికి ధైర్యం అక్కర్లేదు. వచ్చే సెమిస్టర్‌లో ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సు ఒకటి పెట్టుకో. మూడు గంటలు ఒకే బల్ల దగ్గర నిలబడితే మాట్లాడకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. మా అకౌంటింగ్ క్లాసులో పగలంతా నెయిల్ సెలూన్‌లో పనిచేసి వచ్చే వియత్నాం ఆవిడ, రాత్రి పార్సిళ్ళు లోడ్ చేసే కుర్రాడు, కాబూల్‌లో ఇంజినీరుగా చేసి ఇక్కడ మొదటినుంచి మొదలుపెట్టినాయన ఉండేవాళ్ళు. అలాంటి బల్ల డార్మ్‌లో దొరకదు. ఆ కుర్రాడు మాత్రం బ్యాలెన్స్ షీట్ మొదలవగానే నిద్రపోయేవాడు.

కారులో బాక్స్ తినడం మాత్రం రేపటి నుంచే మానెయ్యి. నేనూ అదే చేసేదాన్ని. ఆరున్నరకి క్లాసు, ఆరింటికే వచ్చి పార్కింగ్ లాట్‌లో దీపస్తంభం కింద కారు పెట్టుకుని, స్టీలు డబ్బాలో పెరుగన్నం, ఆవకాయ. వాసన వస్తుందని అద్దాలు కూడా దించేదాన్ని కాదు. నవంబర్‌లో ఒక వాన రోజు, లోపల లైటు, రేడియో వేసుకుని తింటూ కూర్చున్నాను. క్లాసయ్యాక తొమ్మిదిన్నరకి వచ్చి తాళం తిప్పితే బండి స్టార్ట్ కాలేదు. లైటు ఆర్పడం మరిచిపోయాను. ఇంట్లో బాబు, ఫోన్‌లో ఛార్జ్ లేదు. మా క్లాసులో మొదటి వరసలో కూర్చునే పోస్టాఫీసు రిటైర్డ్ ఆవిడ, అరవై దాటి ఉంటాయి, తన పికప్ ట్రక్కు నా కారు ముందుకి తెచ్చి జంపర్ కేబుల్స్ తీసింది. వానలో తడుస్తూ క్లిప్పులు తగిలిస్తూ, సీటు మీద మూత తెరిచి ఉన్న డబ్బా చూసి, “ప్రతి వారం ఇక్కడ ఒంటరిగా కూర్చుని ఏం తింటుంటావు?” అని అడిగింది. అన్ని వారాలూ ఆవిడ చూస్తూనే ఉంది!

తర్వాతి మంగళవారం నుంచి కాఫెటేరియాలో ఆవిడ పక్కన కూర్చుని తిన్నాను. ఆవిడ కోసం రెండు ముక్కలు ఆవకాయ ఎక్కువ పెట్టుకెళ్ళేదాన్ని. ప్రతిసారీ కళ్ళ నీళ్ళు పెట్టుకుని గ్లాసుడు నీళ్ళు తాగేది, ప్రతిసారీ రెండో ముక్క కూడా తినేది.